కోసిన స్ప్రింగులు

తనిఖీ కేంద్రానికి కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఒకే పూటలో అతని బండ్లు మూడింటినీ వెనక్కి పంపింది.

మొదటిదానికి అద్దాల మీద నల్ల ఫిల్మ్ కారణం. రెండోదానికి చక్రాలు మడ్‌గార్డు దాటి నాలుగు వేళ్ల మేర బయటికి పొడుచుకు రావడం. మూడోదానికి లైట్లు. ఎదురుగా వచ్చేవాడికి కళ్లు బైర్లు కమ్మేంత తెల్లటి లైట్లవి. అతను స్వయంగా ఎంచి, స్వయంగా బిగించినవి.

అతన్ని అందరూ హారన్ అంటారు. ఆ పేరు పెట్టింది బాబాయి. అమ్మానాన్నలు పోయాక ఎనిమిదో ఏట నుంచి పెంచినవాడు ఆయనే. పొద్దున లేచింది మొదలు వీడి నోరు మూతపడదని ముద్దుగా అలా పిలిస్తే, కార్ల అలంకరణ సామాన్లు అమ్మే వాళ్ల దుకాణానికి వచ్చేవాళ్లంతా అదే పట్టుకున్నారు. ఇప్పుడతనికి ఇరవై ఆరేళ్లు. బండి కనబడితే చాలు, దాన్ని ఇంకాస్త అందంగా ఎలా చేయాలా అని చేతులు దురద పెట్టేవి.

“మేడమ్, ఇవన్నీ బజార్లో దొరికేవే. దొంగసొత్తేం కాదు” అన్నాడు, కాగితం మీద మూడోసారి ‘ఫెయిల్’ అని పడేసరికి.

“బజార్లో దొరికేవన్నీ రోడ్డెక్కొచ్చని మీకెవరు చెప్పారు?” ఆమె తలెత్తలేదు. రాస్తూనే ఉంది.

“మరెక్కడ పెట్టుకోవాలి?”

“మీ కాంపౌండులో. ఎంత వెలుగు కావాలంటే అంత పెట్టుకోండి, నేనడగను. గేటు దాటితే మాత్రం రోడ్డు అందరిదీ.”

అప్పుడు తలెత్తింది. చెవి వెనక పెన్సిలు, చేతిలో టార్చి, బుగ్గ మీద గ్రీజు మరక. ఆ మరక ఉన్న సంగతి ఆమెకు తెలియదు. చెప్పాలా వద్దా అని హారన్ ఆలోచిస్తూ నిలబడిపోయాడు. అతని జీవితంలో మాట తోచకపోవడం బహుశా అదే మొదలు.

ఆమె దాన్ని కోపం అనుకుంది. గొంతు కాస్త తగ్గించి విడమరిచి చెప్పింది. బయట కొన్న పార్టులంటే తనకేం పగ లేదనీ, ఆమోద ముద్ర ఉన్నవి పెట్టుకోవచ్చనీ, బండి ఎత్తూ వెడల్పూ మార్చేవైతే ముందు అనుమతి తీసుకుని రిజిస్ట్రేషన్ కాగితంలో రాయించుకుంటే సరిపోతుందనీ. ఆ ముద్ర ఎలా ఉంటుందో ఫెయిల్ కాగితం వెనకే బొమ్మ గీసి ఇచ్చింది. “మీ దుకాణంలో సగం సామాను దర్జాగా అమ్ముకోవచ్చు. ఆ సంగతి మీకు తెలీదంతే” అంది.

ఈ మాట ఇంటికొచ్చి చెబితే బాబాయి తల గోక్కున్నాడు. “సగమా? మిగతా సగంతోనే కదరా మనం తింటున్నది.”

ఆ వారం నుంచి హారన్‌కు తనిఖీ కేంద్రం మీద ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చింది. దుకాణం ఖాతాదారుల బండ్లు, పక్కింటివాళ్ల బండ్లు, చివరికి ముఖం తెలియనివాళ్ల బండ్లు కూడా తానే తీసుకువెళ్లి తనిఖీ చేయించుకొస్తానని మీద వేసుకునేవాడు. ఒకసారి అన్నీ సవ్యంగా ఉన్న బండి దొరికింది. అది పది నిమిషాల్లో పాసైపోతే మళ్లీ వారం దాకా ఆమెను చూసే సాకు ఉండదు. గేటు బయటే ఆపి, వెనక లైటు బల్బు ఊడదీశాడు.

ఆమె బండి చుట్టూ తిరిగి చూసి కాగితం అతని చేతిలో పెట్టింది. ‘వెనక ఎడమ లైటు వెలగడం లేదు. బల్బు బండి తెచ్చినవారి చొక్కా జేబులో ఉంది’ అని రాసి ఉంది.

హారన్ జేబు తడుముకున్నాడు. ఆమె అటు తిరిగి నవ్వింది. భుజాలు కదలడం వల్ల తెలిసింది.

ఆ సాయంత్రం కేంద్రం వెనక క్యాంటీన్‌లో ఇద్దరూ మొదటిసారి టీ తాగారు. మీరు అనే పిలుపు నాలుగు టీల తర్వాత నువ్వు అయింది. ఆమె తక్కువ మాట్లాడేది, అతను ఎక్కువ. ఆమె వినేటప్పుడు గ్లాసును రెండు చేతులతో పట్టుకుని కళ్లార్పకుండా వినేది. తన మాటలు ఎవరైనా అంత శ్రద్ధగా వింటారని అతనికి తెలియదు. అందుకే మాట్లాడేముందు కాస్త ఆలోచించడం కూడా అలవాటైంది.

బండి కిందికి దిగి చూడటానికి ఆ కేంద్రంలో పొడవాటి గుంత ఉంది. మిగతా ఇన్‌స్పెక్టర్లు పైనుంచే వంగి చూసి టిక్కు పెట్టేసేవారు. ఆమె మాత్రం ప్రతి బండికీ మెట్లు దిగేది. ఒకసారి అతను అడిగితే చెప్పింది, కింద ఏముందో బండి యజమానికి కూడా తెలియదు, వాళ్లందరి తరఫునా చూసేది తానొక్కతే అని. అందులో గొప్ప చెప్పుకోవడం లేదు. కూరలో ఉప్పు చూస్తానన్నంత మామూలుగా అంది.

ఇంటికి కూడా తీసుకెళ్లింది. వాళ్లింట్లో ఆమే, అమ్మమ్మే. అమ్మమ్మకు మోకాళ్లు సహకరించవు. నాలుగు కాళ్ల ఊతకర్ర పట్టుకుని నడిచేది. అది నేల మీద కిర్రుమంటుంటే హారన్ వద్దన్నా వినకుండా తలకిందులు చేసి, అరిగిన రబ్బర్లు తీసి, జేబులోని కొత్తవి బిగించాడు. ఎంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాడు. ముసలావిడ అంతా విని మనవరాలితో, “నోటికన్నా చేతులు మంచివే వీడికి. పర్వాలేదు, నోటికి నువ్వున్నావుగా” అంది. ఆమె చటుక్కున లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. అతను మాత్రం ఆ మాటను ఇంటిదాకా మోసుకెళ్లి, బాబాయికి మూడుసార్లు చెప్పాడు.

ఆ రోజులు తలచుకుంటే తర్వాత్తర్వాత అతనికి తెలిసొచ్చిందొకటే. అవి మొత్తం ఏడు నెలలు. అంతే.

అతని ఖాతాదారుల్లో పెళ్లిళ్లకు ఫొటోలు తీసే అతనొకడుండేవాడు. సరదా మనిషి. కారు నేలకు ఆనుకుని పోతున్నట్టు కనబడాలని ముచ్చటపడితే హారనే నాలుగు స్ప్రింగులూ విప్పి, ఒక్కోదాన్నీ రెండు చుట్లు కోసి బిగించాడు. ఆమె పరిచయం కాకముందు చేసిన పని అది. అప్పుడు ఆ ఫొటోగ్రాఫర్, ప్రమాదమేం లేదు కదా అని అడిగాడు కూడా. “ఏం కాదన్నా, నేనున్నాగా” అన్నాడు హారన్.

ఆ బండికి తనిఖీ గడువు దగ్గరపడింది. కోసిన స్ప్రింగులతో పాసవదని హారన్‌కు ఇప్పుడు బాగా తెలుసు. కొత్తవి తెప్పించాడు, అవి రెండు రోజులు ఆలస్యమయ్యాయి. ఫొటోగ్రాఫర్ మర్నాడే దూరం వెళ్లాలి. గడువు ఆ రోజుతో సరి. బాబాయి ఎప్పటినుంచో వాడే చిట్కా ఒకటుంది. స్ప్రింగుల పైన రబ్బరు దిమ్మలు దూరిస్తే బండి మామూలు ఎత్తులో నిలబడుతుంది. పైనుంచి చూస్తే ఎవరూ పట్టుకోలేరు. రెండు రోజులే కదా, రాగానే కొత్తవి వేసేస్తాను అనుకున్నాడు. ఆమె వెనక్కి పంపిస్తే పంపించనీ, కనీసం ప్రయత్నిద్దాం అని కూడా అనుకున్నాడు. నిజానికి ఏమనుకున్నాడో అతనికే సరిగ్గా తెలియదు.

మధ్యాహ్నం కేంద్రానికి చేరేసరికి వాన దంచికొడుతోంది. రేకుల కప్పు మీద చప్పుడుకు మాట వినబడటం లేదు. గుంతలో నీళ్లు మోకాలి లోతున నిలిచాయి. ఆమె ప్యాంటు మడిచి, చెప్పులు విడిచి, మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. రెండు రోజులుగా ఆమెకు జ్వరం. గొంతు బొంగురుపోయి ఉంది.

“దిగకు” అన్నాడు. అది మాత్రం ప్రేమతోనే అన్నాడు.

“దిగకుండా ఎలా?”

“నేనే బిగించాను. స్ప్రింగులు కంపెనీవే.”

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఎక్కువసేపు కాదు, ఒక్క క్షణం. టార్చి ఆర్పి, మెట్టు మీంచి కాలు వెనక్కి తీసుకుని, ‘కింది భాగం చూడబడినది’ అన్న గడిలో టిక్కు పెట్టింది. సంతకం చేసింది.

ఆ క్షణంలో అతనికి భయం వేయలేదు, సిగ్గు వేయలేదు. సంతోషం వేసింది. ఎవరి మాటా నమ్మి టార్చి ఆర్పని మనిషి తన మాట నమ్మి ఆర్పింది. ఆ సంతోషంలోనే ఆమెకు గొడుగు పట్టి క్యాంటీన్ దాకా తీసుకెళ్లాడు. వేడివేడి టీ తాగించాడు. ఆ సంతోషాన్ని తనకు తాను ఎప్పటికీ క్షమించుకోలేకపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం దూరపు రోడ్డు మీద స్పీడ్‌బ్రేకర్ దగ్గర బండి ఎగిరిపడినప్పుడు రబ్బరు దిమ్మ పక్కకు జారింది. దానితోపాటు స్ప్రింగూ దాని చోటు తప్పింది. కారు ఒక పక్కకు ఒరిగి గోడను గుద్దింది. అదృష్టం, దారిలో ఎవరూ లేరు. ఫొటోగ్రాఫర్ కుడి భుజం రెండు చోట్ల విరిగింది.

బండి కింద ఏముందో పోలీసులు చూశారు. అద్దం మీద అంటించిన కాగితం తేదీ చూశారు. నిన్నటి తేదీ, ఆమె సంతకం.

విచారణ మొదలైంది. కేంద్రం పై అధికారి ఆమెను వివరణ అడిగాడు. గుంతలో నీళ్లున్నాయనో, జ్వరమనో రాయొచ్చు. బండి తెచ్చినవాడు అబద్ధమాడాడని రాయొచ్చు. ఆమె ఒకే వాక్యం రాసింది: నేను కిందికి దిగి చూడలేదు, చూసినట్టు సంతకం చేశాను. హారన్ పేరెత్తలేదు.

ఈ సంగతి అతనికి మొదటి రోజే తెలిసింది. వెంటనే వెళ్లి చెప్పేద్దామని చొక్కా తొడుక్కుంటే బాబాయి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. దుకాణం లైసెన్సు పోతుందని, ఈ వయసులో తనకు వేరే పని చేతకాదని, నాలుగు రోజులు ఓపిక పడితే అదే సద్దుమణుగుతుందని అన్నాడు. చివర్లో, “నిన్ను నేనెప్పుడూ ఏమీ అడగలేదురా” అన్నాడు. అది నిజం. హారన్ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

ఆ నాలుగు రోజులూ అతని గొంతు ఎవరూ వినలేదు. రోజూ ఆసుపత్రికి వెళ్లి ఫొటోగ్రాఫర్ పక్కన కూర్చునేవాడు. అతను ఒక్క నిష్ఠూరపు మాట కూడా అనలేదు. ఎడమ చేత్తో పండు ఒలుచుకోవడం నేర్చుకుంటూ, ఈ సీజను ఎలాగూ పోయిందిలే అన్నాడు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. ఆమెకు ఫోన్ చేయడానికి పదిసార్లు చేతిలోకి తీసుకున్నాడు, పదిసార్లూ పెట్టేశాడు. ఆమె కూడా చేయలేదు.

ఐదో రోజు పొద్దున్నే బాబాయి నిద్రలేవకముందే బయల్దేరి, కేంద్రం తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చుని, పై అధికారికి మొత్తం రాసిచ్చాడు. స్ప్రింగులు కోసింది తానేననీ, దిమ్మలు దూర్చింది తానేననీ, చూడబోయిన మనిషిని వద్దని ఆపిందీ తానేననీ. ఆయన చదివి కళ్లద్దాలు తీశాడు. ఆమె మీద ఉత్తర్వు నిన్న సాయంత్రమే వెళ్లిపోయిందన్నాడు. తనిఖీ పని నుంచి తీసేసి, వేరే ఊళ్లో కౌంటరు ఉద్యోగం వేశారు. “ఇది నిన్న ఇచ్చుంటే ఇంకోలా ఉండేదయ్యా” అన్నాడు.

పరుగున ఆమె ఇంటికి వెళ్లాడు. గది నిండా అట్టపెట్టెలు. అమ్మమ్మ ఊతకర్ర పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి అతన్ని చూసింది. ముఖం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆమె పుస్తకాలు పెట్టెలో సర్దుతోంది. అతను చెప్పదలుచుకున్నదంతా చెప్పాడు. రాసిచ్చిన సంగతి, బాబాయి సంగతి, రెండు రోజుల్లో కొత్త స్ప్రింగులు వేద్దామనుకున్న సంగతి. ఆమె ఎప్పటిలాగే కళ్లార్పకుండా విన్నది.

“కంపెనీవే అన్నావు” అంది చివరికి. “అది నిజమే, కోసినా కంపెనీవే. అంత జాగ్రత్తగా మాట ఎంచుకున్నావంటే, నీకప్పుడే అంతా తెలుసు.”

అతను కింద మిగిలిన పుస్తకం తీసి అందించాడు. ఆమె దాన్ని కూడా పెట్టెలో పెట్టింది.

“నువ్వు అబద్ధమాడావని కాదు నా బాధ. జనం అబద్ధమాడతారనే కదా అక్కడ గుంత తవ్వారు. దిగడం నా పని. నేను దిగలేదు. ఎందుకు దిగలేదో తలచుకుంటే...” అని ఆగిపోయింది. పెట్టెకు టేపు అంటించింది. “నిన్ను చూసినప్పుడల్లా అది గుర్తొస్తుంది. వెళ్లు.”

వెళ్లాడు.

దుకాణం నెల రోజులు మూయించారు. తెరిచాక ముద్ర లేని సామాను ఒక్కటి కూడా లోపలికి రానివ్వనని హారన్ పట్టుబట్టాడు. బాబాయి మూడు నెలలు అతనితో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు లైట్ల పెట్టె తిప్పి చూస్తూ, “దీని మీదుంది కదరా, ఇదేనా ఆ ముద్ర?” అని అడిగాడు. అలా మాటలు మళ్లీ మొదలయ్యాయి. ఫొటోగ్రాఫర్ భుజం అతుక్కుంది గానీ పెద్ద కెమెరా ఎక్కువసేపు ఎత్తిపట్టలేడు. తీయడానికి ఇంకొకరిని పెట్టుకుని, తాను కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాడు. హారన్ కనబడితే పలకరిస్తాడు. హారనే తలదించుకుంటాడు.

కాళ్లు కదపలేనివాళ్లు చేతులతోనే నడుపుకునేలా బ్రేకుకూ యాక్సిలరేటరుకూ మీటలు బిగించే పని అతను కొత్తగా నేర్చుకున్నాడు. దానికి అనుమతులు, పరీక్షలు, రిజిస్ట్రేషన్‌లో మార్పు, అన్నీ కావాలి. ఒక్కో బండికి నెల పడుతుంది. అతనికి ఆ ఆలస్యం నచ్చింది.

రెండేళ్లు గడిచాయి. ఆమెకు తిరిగి తనిఖీ పని ఇచ్చారని, బదిలీ అయిన ఆ ఊళ్లోనే గుంత దగ్గర ఉందని ఎవరో చెప్పారు. మీటలు బిగించిన బండ్లను ఆ కేంద్రంలోనూ, దూరాన ఇంకొక్కచోటా మాత్రమే చూస్తారు. ఆమె దగ్గర తనిఖీకి మూడుసార్లు తేదీ తీసుకుని మూడుసార్లూ రద్దు చేసుకున్నాడు. నాలుగోసారి వెళ్లాడు. ఒక స్కూలు టీచరుగారి కారు అది. ఆవిడ చక్రాల కుర్చీలో కూర్చుని పక్కనే ఉంది.

ఆమె అతన్ని చూసి ఒక్క క్షణం ఆగింది. “కాగితాలివ్వండి” అంది.

మెట్లు దిగింది. యాభై నిమిషాలు కిందే ఉంది. టార్చి వెలుగు బండి కింద మెల్లగా జరుగుతుంటే అతను గోడకానుకుని నిలబడ్డాడు. అంతసేపూ నోరు తెరవలేదు. పైకొచ్చి, మీట కడ్డీకి ఉన్న ముద్రలో నంబరు కాగితంలో నంబరుతో ఒక అంకె కలవలేదని ఫెయిల్ చేసింది. తయారీవాళ్లు చేసిన పొరపాటది. టీచరుగారు విసుక్కుంది. హారన్ మాత్రం వంగి కాగితం అందుకుని, చాలా థాంక్స్ మేడమ్ అన్నాడు. ఎగతాళి కాదని ఆమెకు అర్థమైంది.

సరైన కడ్డీ తెప్పించి పదిరోజుల తర్వాత మళ్లీ వెళ్లాడు. ఆమె మళ్లీ దిగింది, మళ్లీ అంతసేపూ చూసింది, పాస్ చేసింది. టీచరుగారు తన కారును తానే నడుపుకుంటూ గేటు దాటింది. అతను బస్సుకు వెళ్లాలి. వెళ్లలేదు.

“అమ్మమ్మ ఎలా ఉంది?” అని అడిగాడు.

ఆమె చేతులు తుడుచుకుంటోంది. “లేదు. పోయిన ఏడాది వానాకాలంలో.” తుడుచుకున్న గుడ్డ మడుస్తూ చెప్పింది. కొత్త ఊళ్లో అమ్మమ్మకు ఎవరూ అలవాటు కాలేదట. చివరి రోజుల్లో, ఆ వాగుడుకాయ వస్తాడేమో తలుపు గడియ పెట్టకు అనేదట. “రమ్మని నీకు ఫోన్ చేద్దామనుకున్నాను. పౌరుషం అడ్డొచ్చింది. నువ్వు నాలుగు రోజులు ఆలస్యం చేశావు. నేను రెండేళ్లు చేశాను.”

హారన్ అటు తిరిగి నిలబడ్డాడు. కళ్లు తుడుచుకోవడం ఆమె చూడకూడదనుకున్నాడు గానీ, అతని భుజాలు కదలడం ఆమెకు కనబడుతూనే ఉంది.

“నువ్వు రాసిచ్చిన కాగితం ఫైల్లో చదివాను. దానివల్లే నాకు మళ్లీ ఈ పని ఇచ్చారు” అంది.

“టీ తాగుదామా?” అన్నాడు. అడగడానికి తనకు ఏ హక్కూ లేదని తెలుసు. అయినా అడిగాడు.

ఆమె మడిచిన గుడ్డను గోడ మీద పెట్టింది.

“నీ బండ్లు నా ముందుకొచ్చినన్నాళ్లూ నీతో నేను టీ తాగను. తాగితే మళ్లీ ఏదో ఒక రోజు దిగను. నాకు నా సంగతి తెలుసు.”

అతను తలూపి, సెలవు తీసుకుని, బస్సు ఎక్కాడు. దారంతా ఆ మాటే. వద్దంది అనుకున్నాడు మొదట. సగం దూరం వచ్చాక గానీ ఆమె ఏం చెప్పిందో తలకెక్కలేదు.

దుకాణానికి చేరీచేరగానే కంప్యూటర్ ముందు కూర్చుని, ఇకమీద తనిఖీకి వెళ్లాల్సిన ఐదు బండ్ల బుకింగులూ మార్చాడు. ఆమె ఊరికి పూర్తిగా అవతలి వైపు, రెట్టింపు దూరంలో ఉన్న ఇంకో కేంద్రానికి. బాబాయి వెనక నిలబడి తెర మీదకు వంగి చూశాడు. అంత దూరం ఎందుకురా, పాస్ చేసిన ఆవిడ దగ్గరికే వెళ్లకుండా అన్నాడు.

“అక్కడికి బండి లేకుండా వెళ్లాలి బాబాయ్” అన్నాడు హారన్.

వేళ చెప్పకుండా, ఆదివారం వస్తానని మాత్రం ఆమెకు మెసేజ్ పెట్టి, వెళ్లాడు. వట్టి చేతులతో, బస్సులో. అక్కడి కేంద్రం క్యాంటీన్ మూసి ఉంది. బయట బల్ల మీద రెండు గ్లాసులు, ఫ్లాస్కు పెట్టుకుని ఆమె కూర్చుని ఉంది. అతను వెళ్లి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె టీ పోసింది. అది అప్పటికే చల్లారిపోయింది. ఎంతసేపటి నుంచి ఎదురుచూస్తోందో అతను అడగలేదు.